వినేవారి ఆప్తత్వం: తెలుగు టెలివిజన్ భాషపై ఒక నైతిక పరిశీలన

ప్రసార మాధ్యమాల భాషను గురించి తెలుగులో జరిగిన చర్చ చాలావరకు తప్పొప్పుల చర్చ. ఒత్తులు పలకడం లేదనీ, ల-ళల భేదం పోయిందనీ, ఇంగ్లీషు మాటలు ఎక్కువయ్యాయనీ విమర్శకులు బాధపడ్డారు. ఆ బాధ అకారణం కాదు. కాని ఆ చర్చలో ఒక ప్రశ్న ఎప్పుడూ పక్కకు జరిగిపోతూ వచ్చింది. ఒక మనిషి తెరమీద నుంచి లక్షలమందితో మాట్లాడతాడు. ఆ లక్షలమందిలో ఏ ఒక్కరూ అతనితో తిరిగి మాట్లాడలేరు. ఇటువంటి ఏర్పాటులో మాట్లాడే పక్షం వినే పక్షానికి ఏమైనా ఋణపడి ఉంటుందా? ఉంటే ఆ ఋణం ఎటువంటిది? సరైన సమాచారం అందిస్తే తీరుతుందా, వినేవారి పలుకుబడిలో చెబితే తీరుతుందా, లేక ఇంకేమైనా కావాలా?

ఇది భాషాశాస్త్రం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. మూలంలో ఇది నీతికి సంబంధించినది. తెలంగాణ పల్లెలకు టెలివిజన్ వచ్చిన తీరును ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. రెండు ఆఫ్రికా దేశాల అనుభవాన్ని పోలికకు తీసుకుంటుంది. అక్కడ కూడా టెలివిజన్ అనేక భాషల నడుమ, ప్రజలు అడిగితే కాక ప్రభుత్వాలు నిర్ణయిస్తే వచ్చింది, లేదా రాకుండా ఆగింది.

ఉపగ్రహం కింద పల్లె

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. చాలాకాలం అది నగరపు వస్తువుగానే ఉండిపోయింది. తెలుగు పల్లెకు అది నగరం నుంచి మెల్లగా పాకి రాలేదు, నేరుగా ఆకాశం నుంచి దిగింది. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, పొట్టిపేరుతో ‘సైట్’, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు బొమ్మనూ మాటనూ ఒకేసారి చేర్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. హైదరాబాదు చుట్టుపట్ల తెలంగాణ జిల్లాలవీ, కర్నూలు జిల్లావీ. అప్పటికి రంగారెడ్డి జిల్లా లేదు, అది 1978లో ఏర్పడింది. ఇబ్రహీంపట్నం అప్పుడు హైదరాబాదు జిల్లాలో భాగం.

ఈ ప్రయోగానికి మూలం విక్రమ్ సారాభాయ్ ఆలోచన. 1969లో భారత అణుశక్తి విభాగానికీ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ ఒప్పందం కుదిరింది. ప్రయోగం మొదలయ్యేనాటికి సారాభాయ్ మరణించి మూడేళ్ళు దాటింది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు ఎరువిచ్చింది. పల్లెలో బడి ముందరో పంచాయతీ కార్యాలయం ముందరో ఒక పెట్టె పెట్టారు, కోళ్ళగూటికి వాడే ఇనుప జాలీతో చేసిన పదడుగుల గొడుగును దానికి తగిలించారు. ఉపగ్రహాన్ని భూమధ్యరేఖ మీద, 35 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిపారు. అంటే అది కెన్యా నెత్తిన ఉంది. ఆ విధంగా తెలంగాణ పల్లె మొట్టమొదట చూసిన టెలివిజన్ బొమ్మలు ఆఫ్రికా ఆకాశం మీదుగా వచ్చాయి. తమ తలమీద నిలిచిన ఆ ఉపగ్రహంతో కింది దేశపు జనానికి ఏ పనీ లేకపోవడం వేరే కథ.

రోజుకు నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంత వినోదం. అన్ని రాష్ట్రాలకూ ఉమ్మడిగా అరగంట హిందీలో. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాదులో నిర్మాణకేంద్రం ఉండేది. ప్రయోగ ఫలితాలను కొలవడానికి ఇస్రో ఎంతో శ్రద్ధ తీసుకుంది, పల్లెల్లో నివసిస్తూ గమనించడానికి మానవశాస్త్రజ్ఞులను సైతం నియమించింది. ఆనాటి దృష్టితో చూస్తే ఇది సదుద్దేశంతో, తెలివితో, పొదుపుతో జరిగిన పని. దానిని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

అయితే రెండు విషయాలు గమనించక తప్పదు. మొదటిది కాలం. 1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అయిదు వారాలు తిరిగేసరికి పల్లెలో పెట్టె మాట్లాడటం మొదలుపెట్టింది. ప్రయోగం నడిచిన ఏడాదీ దేశమంతటా పౌరుడి నోటికి కళ్ళెం ఉన్న ఏడాదే. ఆ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు, ప్రయోగపు తేదీలు ఎన్నడో నిశ్చయమైనవి. కాని అనుభవంలో అవి ఒకచోటే కలిశాయి. వినడం విస్తరించిన ఏడాదే పలకడం కుదించుకుపోయింది.

రెండోది మాట. కోస్తా వాడుకలో ‘పొలం’ అంటే సాగుభూమి ఏదైనా కావచ్చు. తెలంగాణ రైతుకు పొలం అంటే నీళ్ళు పారే వరిమడి. వానమీద ఆధారపడిన భూమి చేను, లేదా చెలక. ‘పొలంలో ఈ మందు చల్లండి’ అని ప్రామాణిక భాషలో ఒక నిపుణుడు చెబితే, చెలక రైతు అది తనకు కాదనుకోవడానికి వీలుంది. గేదె, బర్రె, మొక్కజొన్న, మక్కలు, వేరుశనగ, పల్లి. ఇటువంటి జంటలు వ్యవసాయంలో అడుగడుగునా ఉన్నాయి. ఈ భేదాలు ఎవరికీ తెలియనివేమీ కావు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, సరిగ్గా వ్యవసాయ పదాలదే, 1962లోనే వచ్చింది. అంటే ఉపగ్రహం కన్నా పదమూడేళ్ళు ముందే ఆ జ్ఞానం అచ్చులో ఉంది. తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా చూపిన ఆ కృషి, ప్రామాణిక భాషకు ఆధారం మధ్యమండలపు విద్యావంతుల వాడుక అన్న సంగతిని కూడా స్పష్టం చేసింది.

విన్నవారు బహుశా సర్దుకొని అర్థం చేసుకొని ఉంటారు. పల్లె జనం తమది కాని భాషను అర్థం చేసుకోవడంలో ఎప్పుడూ నేర్పరులే. కచేరీలో ఉర్దూ, బడిలో పుస్తకాల తెలుగు వాళ్ళకు అలవాటే. అయితే సర్దుకోవలసింది ప్రతిసారీ ఒకే పక్షమా? మన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఎవరి మాట ప్రమాణం

ఏకముఖంగా సాగడమే టెలివిజన్ దోషమని కొందరంటారు. ఆ వాదం నాకు పూర్తిగా సమ్మతం కాదు. పురాణం చెప్పేవాడు చెబుతాడు, జనం వింటారు. వైద్యుడు పథ్యం చెబుతాడు, రోగి వింటాడు. వినడంలో అవమానం లేదు. మనకు తెలిసినదానిలో అధికభాగం ఎవరో చెప్పగా విన్నదే. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించింది అందుకే. ఆప్తుడి ఉపదేశం శబ్దప్రమాణం. మరి ఆప్తుడెవరు? వాత్స్యాయనుడు తన భాష్యంలో ఇచ్చిన వివరణ సారం ఇది: విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఇతరులకు తెలియజేయాలన్న కోరికతో పలికేవాడు. ఆపై ఆయన చేర్చిన మాట మన చర్చకు మరింత ముఖ్యం. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమని ఆయన స్పష్టంగా చెప్పాడు.

మ్లేచ్ఛుడంటే తొలి అర్థంలో పలుకు సరిగా లేనివాడు, శిష్టుల భాష రానివాడు. అటువంటివాడు కూడా ఆప్తుడు కాగలడని చెప్పడమంటే, పలుకుబడికీ ప్రామాణ్యానికీ ముడిలేదని తేల్చడమే. భాషా సాధుత్వం వ్యాకరణం చూసుకొనే విషయం. నమ్మదగినతనం వేరు. ఈ రెంటినీ విడదీసి చూడటం శబ్దశుద్ధికి ఎంతో విలువనిచ్చిన సంప్రదాయం నుంచే రావడం విశేషం. నిజానికి మన ఆధునిక ప్రసార వ్యవస్థ ఈ రెంటినీ తిరిగి కలిపివేసింది.

కుతుబ్‌షాహీల కాలంనాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు సంగతి తీసుకుందాం. చెరువులోకి నీళ్ళు ఏ వాగునుంచి వస్తాయి, ఏ ఏడు నిండింది, ఏ తూము కింద ఎంత పారింది, కాలువ ఎక్కడ పూడింది అన్న విషయాలను స్వయంగా ఎరిగినవాడు ఆ ఆయకట్టు రైతు. వాత్స్యాయనుడి లక్షణం ప్రకారం ఆ విషయంలో అతడే ఆప్తుడు. వార్తలో అతడు కనిపిస్తాడు కూడా. కాని ఎలా కనిపిస్తాడు? విలేఖరి ముందుగా ప్రామాణిక భాషలో విషయమంతా చెప్పేస్తాడు. తరువాత రైతు నాలుగు క్షణాలు ‘నీళ్ళు లెవ్వు సారూ’ అంటాడు. ఆ తరువాత ఒక అధికారో నిపుణుడో కారణాలు వివరిస్తాడు. రైతు మాట ఇక్కడ సాక్ష్యంగా రాలేదు, బాధకు గుర్తుగా వచ్చింది. తెలిసినవాడిగా కాక బాధపడినవాడిగా అతణ్ణి చూపారు. సమకాలిక తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వెలువడిన తన గ్రంథంలో ఇటువంటి దానిని జ్ఞానసంబంధమైన అన్యాయంగా వర్ణించింది. వినేవాడి దురభిప్రాయం వల్ల చెప్పేవాడి మాటకు తగిన విశ్వాసం దక్కకపోవడం అందులో ఒక రూపం. మన సందర్భంలో ఆ దురభిప్రాయం ఏ ఒక్క విలేఖరి మనసులోనూ ఉండనవసరం లేదు. కార్యక్రమపు అమరికలోనే అది ఇమిడి ఉంటుంది.

ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల మండలాల్లో మాట్లాడించినప్పుడు నేను గమనించినది ఒకటుంది. ఇంట్లో, బండమీద కూర్చొని ‘వచ్చిండు, పోయిండు’ అని ధారాళంగా చెప్పే పెద్దమనిషి, ఫోనులో రికార్డు చేస్తున్నానని తెలియగానే ‘వచ్చారు, వెళ్ళారు’ అంటాడు. వాక్యాలు చిన్నవవుతాయి. వివరాలు తగ్గిపోతాయి. తెలిసిన విషయమే తెలియనట్టు మారుతుంది. భాష మారేసరికి చెప్పేవాడి ధీమా పోయింది, ధీమాతో పాటు కొంత జ్ఞానమూ దాగిపోయింది. ప్రామాణిక భాష ఆ మనిషి నోట సహజంగా పలకకపోవడం చిన్న విషయం. తన భాషలో తన మాట ప్రమాణం కాదని అతడు ఎక్కడో నేర్చుకోవడం పెద్ద విషయం. ఎక్కడ నేర్చుకున్నాడో ఊహించడం కష్టం కాదు: బడిలో, కచేరీలో, ఆ తరువాత తెరముందర.

రెండు ఆఫ్రికా దేశాలు

వినేవారికి చెల్లించవలసిన ఋణాన్ని గురించి ఆఫ్రికాలో రెండు భిన్నమైన సమాధానాలు కనిపిస్తాయి. టాంజానియాలో జూలియస్ నైరేరే ప్రభుత్వం ప్రధాన భూభాగంలో టెలివిజన్‌ను అసలు రానివ్వలేదు. పెట్టెలు కొనగలిగేది పట్నాల్లోని కలిగినవారే. పేద దేశపు డబ్బు వారి వినోదానికి పోకూడదని వాదన. విచిత్రంగా అదే దేశంలో భాగమైన జాంజిబార్ 1973లోనే రంగుల టెలివిజన్ ప్రారంభించింది. ప్రధాన భూభాగంలో 1994లో, అదీ ప్రైవేటు సంస్థ ద్వారా మొదలైంది. నైరేరే నిర్ణయంలో ఒక నిజాయితీ ఉంది. అందరికీ అందనిది ఎవరికీ వద్దన్నాడు. అయితే వద్దన్నదీ ప్రజల తరఫున ఒకరే. మాట్లాడటం, మాట్లాడకుండా ఉండటం రెండూ అక్కడ పాలకుడి చేతిలోనే ఉన్నాయి.

దక్షిణాఫ్రికా కథ మనకు మరింత దగ్గరది, మరింత ఇబ్బంది పెట్టేది. సంపన్న దేశమై ఉండీ అక్కడి ప్రభుత్వం 1976 జనవరి దాకా టెలివిజన్‌ను ఆపింది. బయటి భావాలు లోపలికి వస్తాయని, ఇంగ్లీషు ముందు ఆఫ్రికాన్స్ భాష నిలవదని దాని భయం. తీరా మొదలైనప్పుడు ప్రసారం ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ భాషల్లో మాత్రమే. దేశజనాభాలో అధికసంఖ్యాకుల భాషలకు చోటులేదు. 1982లో జులూ, ఖోసా, సోతో, త్స్వానా భాషలకు వేరే ఛానెళ్ళు వచ్చాయి. భాషావాదులు సంతోషించవలసిన పరిణామమే. కాని ఆ ఛానెళ్ళను పెట్టింది జాతివివక్షను నడిపిన ప్రభుత్వమే. ప్రతి సమూహాన్నీ దాని భాషలో, దాని అరలో ఉంచడం ఆ వివక్ష సిద్ధాంతానికి సరిగ్గా సరిపోయే పని. తన భాష తెరమీద వినిపించింది. ఆ భాషలో తన దేశాన్ని గురించి నిర్ణయం చెప్పే అధికారం మాత్రం రాలేదు.

కాబట్టి ‘మా యాస తెరమీదికి రావాలి’ అన్న కోరిక ఒక్కటే సరిపోదు. అది న్యాయమైన కోరికే, అయినా అసంపూర్ణం. యాస ఏ పనికి వచ్చింది, ఏ గంటలో వచ్చింది, ఎవరి తీర్పుకు లోబడి వచ్చింది అని కూడా అడగాలి.

తెరమీద తెలంగాణ

ఈ గీటురాయితో తెలుగు టెలివిజన్‌ను చూద్దాం. సైట్ ముగిసిన తరువాత, 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలను శాంతిస్వరూప్ చదివారు. ఆయన స్పష్టమైన ఉచ్చారణ ఒక తరానికి తెలుగు వినే పద్ధతిని నేర్పింది. అది శిష్టవ్యావహారికం, గ్రాంథికంతో పోరాడి గెలిచిన భాష. గిడుగు నడిపిన ఉద్యమఫలం. ఒక తరంలో విముక్తి కలిగించిన భాష మరో తరంలో గడీగోడ కావడం చరిత్రలో కొత్త కాదు.

1995లో ఉపగ్రహ ఛానెళ్ళ కాలం మొదలైంది. ఆ ఏడాదే వచ్చిన ఈటీవీకి స్థావరమైన రామోజీ ఫిల్మ్‌సిటీ మరుసటి ఏడాది విజయవాడ రహదారి పక్కన అనాజ్‌పూర్ పరిసరాల్లో వెలిసింది. ఆ ప్రాంతం ఇబ్రహీంపట్నం శాసనసభ నియోజకవర్గంలోనిది. భౌగోళికంగా చూస్తే తెలుగు టెలివిజన్ ఇక్కడి చెలకల మధ్యనే తయారయింది. భాష మాత్రం ఇక్కడిది కాలేదు. ఇందుకు ఒక సంస్థను తప్పుపట్టడంలో అర్థం లేదు. పత్రికల నుంచి, సినిమా నుంచి వచ్చిన అలవాటును అన్ని ఛానెళ్ళూ కొనసాగించాయి. ధారావాహికల్లో ఇంటి యజమాని ఒక తెలుగు మాట్లాడితే, పనిమనిషీ రౌడీ హాస్యగాడూ మరో తెలుగు మాట్లాడారు. కాళోజీ వంటివారు ఎంతోకాలంగా ఎత్తిచూపిన అసమానతే అది. ఒక మినహాయింపును చెప్పడం న్యాయం. ‘అన్నదాత’ వంటి వ్యవసాయ కార్యక్రమాల్లో రైతు తన పంటను గురించి తన మాటల్లో తాపీగా వివరించిన సందర్భాలున్నాయి. యాసను నిలబెట్టాలన్న ప్రతిజ్ఞ ఏదీ లేకుండానే అక్కడ ఒక ఆప్తుడు మాట్లాడాడు. పరిశోధకులు వినోద కార్యక్రమాల మీద పెట్టిన దృష్టిలో పదోవంతు వీటిమీద పెట్టలేదు.

రాష్ట్రోద్యమకాలంలో పరిస్థితి మారింది. వీ6 ఛానెల్ ‘తీన్మార్’ వార్తలతో తెలంగాణ పలుకుబడి రాత్రివేళ ఇంటింటా వినిపించింది. సావిత్రి, బిత్తిరి సత్తి పాత్రలు కోస్తాలోనూ అభిమానులను సంపాదించుకున్నాయి. ఆ గెలుపును చులకన చేయకూడదు. ‘గట్లనా’ అన్నమాట తెరమీద సిగ్గులేకుండా వినిపించడం, దానికోసం తరాలుగా ఎదురుచూసినవారికి చిన్న విషయం కాదు. అదీగాక ఆ కార్యక్రమం అధికారాన్ని ఎగతాళి చేయడానికి యాసను వాడింది. అంతకుముందు యాసనే ఎగతాళి చేసేవారు. ఈ తేడా పెద్దది.

అయినా ఒక విషయం మిగిలిపోయింది. నవ్వించే వార్తలు తెలంగాణ యాసలో ఉంటే, తుపాను హెచ్చరిక, ఎన్నికల ఫలితం, న్యాయస్థానపు తీర్పు, ఒక పెద్దమనిషి మరణం మాత్రం ఛానెళ్ళన్నిటా ప్రామాణిక భాషకు దగ్గరగానే చదువుతున్నారు. రాష్ట్రం ఏర్పడి, 2014లో దూరదర్శన్ యాదగిరి వచ్చి, కాళోజీ జయంతి సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైన తరువాత కూడా ఈ పని విభజన చెక్కుచెదరలేదు. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. ఒక పలుకుబడిలో చావువార్త చెబితే వినేవారు నవ్వకుండా వినగలిగినప్పుడే ఆ పలుకుబడికి ప్రామాణ్యం దక్కినట్టు. నవ్వు యాసకు తలుపు తెరిచింది నిజమే. ఆ తలుపులోంచి నవ్వుకు మాత్రమే ప్రవేశం దొరికింది.

దీనికి సమాధానంగా చెప్పే అభ్యంతరం తేలికైనది కాదు. ఉమ్మడి భాష లేకపోతే శ్రీకాకుళానికీ ఆదిలాబాదుకూ ఒకే వార్త ఎలా చెబుతారు? తెలంగాణ యాస అంటే మాత్రం ఒకటా? ఒకచోట మత్తడి అన్నదాన్ని మరోచోట అలుగు అంటారు. ఒక పలుకుబడిని తీసి ఇంకొక దాన్ని గద్దెనెక్కిస్తే అన్యాయం చిరునామా మారుతుందే కాని పోదు. ఇది నిజం. తెరమీది తెలంగాణ యాస ఇప్పటికే ఒక అచ్చులో పోసినట్టు తయారైంది, ఏ ఊరిలోనూ అలా ఎవరూ మాట్లాడరు. కాని ఈ అభ్యంతరం వార్త చదివేవారి భాషకు వర్తించినంతగా వార్తలో సాక్ష్యం చెప్పేవారి భాషకు వర్తించదు. ఉమ్మడి భాషలో వార్త చదవవచ్చు. ఆ వార్తకు ఆధారమైన మనిషిని అతని భాషలో, అతని వాక్యం పూర్తయ్యేదాకా మాట్లాడనివ్వడానికి ఏ ప్రామాణికతా అడ్డురాదు. అడ్డువచ్చేది సమయం అంటారు. సమయం ఎవరికి ఎంతో నిర్ణయించడమే అధికారం. ఈ వ్యాసం కూడా ఉమ్మడి భాషలోనే ఉంది, పత్రిక నియమం అది. ఆ నియమం వల్ల చెరువు సంగతి తెలిసినవాడి మాట నా మాట కన్నా తక్కువ ప్రమాణం కాదు.

ప్రసారతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని తప్పుపట్టింది. వచ్చినవి మాత్రం ఎక్కువగా వ్యాపార ఛానెళ్ళు. ప్రజల ఆస్తిని ప్రజలే వాడితే ఎలా ఉంటుందో చూడాలంటే జహీరాబాదు వైపు వెళ్ళాలి.

పీ.వీ. సతీష్ దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసినవారు, సైట్ కాలంలో పల్లెల కోసం కార్యక్రమాలు తీసినవారు. ఆ ఉద్యోగం వదిలి జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత స్త్రీల సంఘాలతో పనిచేశారు. 1990ల చివర ఆ స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చదువు లేనివారు కాబట్టి శిక్షణలోని ఇంగ్లీషు పేర్లను పక్కనపెట్టి కోణాలకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే కోణం ‘పటేల్ షాట్’, దొర తన అరుగుమీది నుంచి చూసే చూపు. కిందినుంచి పైకి చూసేది ‘బానిస షాట్’. కంటికి సమానంగా చూసేది ‘సంఘం షాట్’, సంఘంలో అందరూ చుట్టూ నేలమీద కూర్చుంటారు కనుక. టెలివిజన్ నీతిని గురించి తెలుగులో ఇంత స్పష్టమైన పారిభాషికపదాలను ఏ విశ్వవిద్యాలయమూ తయారుచేయలేదు. మా శాఖ దీన్ని గమనించవలసింది పదకోశం కోసమైనా.

వరంగల్లు జిల్లాలో బీటీ పత్తి రైతుల అనుభవాన్ని వారు ఏళ్ళ తరబడి చిత్రించారు. అడిగే స్త్రీ భాష, చెప్పే రైతు భాష ఒకటే. బయటివారికే అనువాదం కావలసివచ్చింది. సర్దుకొనే బరువు మొదటిసారి అవతలి పక్షానికి మారింది. తరువాత బీటీ పత్తి సంగతి చూడటానికి ఆ సంస్థ కెమెరా మాలీకి, దక్షిణాఫ్రికాకు కూడా వెళ్ళింది. 2008లో మాచునూరులో వారి ‘సంగం రేడియో’ మొదలైంది. గ్రామీణ సముదాయ రేడియోల్లో దేశంలోనే ముందువరుసలోనిది. 2006 నాటి కేంద్ర విధానం స్వచ్ఛంద సంస్థలకు ఆ అవకాశం ఇచ్చింది. అయితే అది రేడియోకే. ఊరు స్వయంగా నడుపుకొనే టెలివిజన్‌కు అటువంటి దారి తెరుచుకోలేదు. సంఘం షాట్‌ను కనిపెట్టినవారికి తమదైన తెర లేదు.

ఇంతవరకు చెప్పినదంతా తెలుగు లోపలి అసమానతను గురించే. మంచాల, యాచారం మండలాల తండాల్లో ఇళ్ళలో వినిపించేది లంబాడీల గోర్‌బోలీ. ఆ ఇంటి అవ్వకు శాంతిస్వరూప్ వార్తలు ఎంత పరాయివో తీన్మార్ వార్తలూ దాదాపు అంతే పరాయివి. ఆమె రెంటినీ సర్దుకొనే విన్నది. తెలంగాణ పలుకుబడికి దక్కవలసిన ప్రామాణ్యం కోసం మనం చేసే ప్రతి వాదమూ, మాట మార్చకుండా, ఆమె తరఫున మన మీదికే తిరుగుతుంది. ఆ వాదనకు తెలుగు శాఖ నుంచి సమాధానం ఇంకా రావలసి ఉంది. తండా చుట్టుపక్కల గుట్టల పేర్లు, వాగుల పేర్లు, పశువుల రోగాల పేర్లు ఆమెకు తెలిసినన్ని ఏ పదకోశంలోనూ లేవు.